చూపునకు చదువు

బుద్ధి కంటికి కానరాని వస్తువు. కానరానిదానిని కొలువవలెనన్న కోరిక మాత్రము మానవునకు మిక్కుటము. బియ్యమునకు శేరు, బంగారమునకు తులము, పొలమునకు గొలుసు ఏర్పడినట్లే, గడచిన నూరేండ్లకు పైబడిన కాలములో బుద్ధికిని ఒక కొలత ఏర్పడినది. దానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది బొమ్మల పరీక్ష. కాగితముపై మూడు బొమ్మలు వరుసగా నుండును. నాలుగవ చోటు ఖాళీగా నుండును. దిగువ మరి నాలుగు బొమ్మలిచ్చి, వీనిలో ఏది ఆ చోట ఇముడునో చెప్పుమందురు. అక్షరము లేదు, అంకె లేదు, కథ లేదు. చెప్పగలిగినవాడు తెలివిగలవాడు, చెప్పలేనివాడు మందుడు, త్వరగా చెప్పినవాడు మరింత తెలివిగలవాడు. ఇది లోకమున వ్యాపించియున్న నమ్మకము. కేంద్రప్రభుత్వపు కొలువులకు పోటీపడు యువకులు మొదలు ఆరవ తరగతిలో చేరగోరు పసివారి వరకు నేడు ఎందరో ఈ బొమ్మల ముందు కూర్చుండి గడియారమువైపు భయముతో చూచుచున్నారు.

ఈ నమ్మకము ఎంతవరకు నిజమో, ఎంతవరకు హానికరమో విచారింపదలచితిని. నేను పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో చాలకాలము ఉపాధ్యాయుడనుగా నుండి, ఉద్యోగము విరమించిన పిదప సాయంకాలములందు అయిదవ తరగతి పిల్లలకు ఈ బొమ్మల పాఠమే చెప్పుచున్నవాడను. కావున పండితులు గ్రంథములలో చెప్పినదానిని, పిల్లలు నా యెదుట చాపమీద కూర్చుండి చెప్పినదానిని, రెంటిని కలిపి పాఠకుల ముందుంచుచున్నాను.

ఈ కొలత పుట్టిన చోటు ఫ్రాన్సు దేశము. 1905వ సంవత్సరమున ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సైమన్ అను నిరువురు ఒక పరీక్షను సిద్ధపరచిరి. చదువులో వెనుకబడిన పిల్లలను గుర్తించి వారికి ప్రత్యేకముగా బోధింపవలెననుటయే దాని ప్రయోజనము. ఎవరినో వెలివేయుటకు కాదు. బుద్ధి పుట్టుకతోనే నిర్ణయమై మార్పులేక యుండు పరిమాణమని చెప్పువారిని బినే 1909లో గట్టిగా ఖండించెను. శరీరమునకు వలెనే మనస్సునకును వ్యాయామము కలదనియు, దానివలన శ్రద్ధ, జ్ఞాపకము, వివేకము పెంపొందుననియు ఆయన వాదము. ఆయన 1911లో మరణించెను. ఆయన పరీక్ష సముద్రములు దాటి పోయినది; ఆయన హెచ్చరిక మాత్రము దానివెంట పోలేదు.

బినే పరీక్షలో మాటల పాలు ఎక్కువ. భాష రానివాడు, బడి ముఖము చూడనివాడు దానిలో ఓడుట సహజము. ఆ చిక్కు తీర్చుటకై మాటలులేని పరీక్షలు పుట్టినవి. వానిలో పేరుపొందినది ఇంగ్లండు దేశమున జాన్ రేవెన్ 1938లో ప్రకటించిన బొమ్మల పట్టిక. అందు 60 ప్రశ్నలు. 12 చొప్పున 5 భాగములు. ప్రతి భాగమును సులభముగా ఆరంభమై క్రమముగా కఠినమగును. ప్రతి ప్రశ్నలోను బొమ్మలో ఒక తుండు లోపించి యుండును. క్రింద నిచ్చిన తుండ్లలో తగినదానిని ఏరవలెను. మానవుని సకల బుద్ధివ్యాపారముల వెనుకను ఒకే సామాన్యశక్తి పనిచేయుచున్నదని చార్లెస్ స్పియర్మన్ 1904లోనే ప్రతిపాదించి యుండెను. రేవెన్ బొమ్మలు ఆ శక్తిని తిన్నగా తూచు త్రాసు అని పలువురు భావించిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిష్ సైన్యమున చేరువారికి ఈ బొమ్మలనే చూపి పనులు పంచిరి. భాషలేదు గనుక పక్షపాతము లేదని, చదువుతో పనిలేదు గనుక పుట్టుబుద్ధియే తేలునని అందరును నమ్మిరి.

మన దేశమున ఈ నమ్మకము పల్లెపిల్లల గడపదాక వచ్చినది. 1986 నాటి జాతీయ విద్యావిధానము పల్లెలలోని ప్రతిభావంతులైన పిల్లలకై జిల్లాకొక నవోదయ విద్యాలయమును తలపెట్టినది. అందు ఆరవ తరగతి పిల్లలకు చదువుతోపాటు తిండియు, వసతియు, పుస్తకములును ఉచితము. అది గొప్ప యేర్పాటు. దానివలన వెలుగు చూచిన కుటుంబములు మన తెలుగునాట ఎన్నో కలవు. ఒక్కొక్క విద్యాలయమున ఆరవ తరగతిలో ఎక్కువలో ఎక్కువ 80 మందిని చేర్చుకొందురు. నూటికి 75 స్థానములైనను పల్లెపిల్లలకే చెందవలెను. మూడవవంతైనను ఆడపిల్లలకు చెందవలెను. ప్రవేశపరీక్ష రెండు గంటలు. ప్రశ్నలు 80, మార్కులు 100. అందు సరిగా సగము, అనగా 40 ప్రశ్నలు, 50 మార్కులు, బొమ్మలవే. మిగిలిన సగమును లెక్కలును భాషయు పంచుకొనును. బొమ్మలు పది విధములు. విధమునకు నాలుగు ప్రశ్నలు. వీనికి 60 నిమిషములు. ఒక్కొక్క బొమ్మకు నిమిషమున్నర. మరియొక నియమమును చెప్పవలెను: ఒకసారి ఈ పరీక్ష వ్రాసిన బిడ్డ మరల వ్రాయరాదు. పదేండ్ల పసివానికి జన్మమునకు ఒక్కటే అవకాశము. అందువలన బొమ్మలలోని వరుసను వేగముగా కనిపెట్టుట అను విద్య వేడుక కాదు; కొందరికి అది జీవితమునకే మలుపు.

ఇక ఆ వేగము ఎక్కడనుండి వచ్చునో చూతము.

1990లో అమెరికాలో ప్యాట్రీషియా కార్పెంటర్, మార్సెల్ జస్ట్, పీటర్ షెల్ అను మువ్వురు పరిశోధకులు రేవెన్ బొమ్మలలో కఠినమైనవానిని యువకులకిచ్చి, వారి కన్నులు ఎటునుండి ఎటు కదలుచున్నవో కనిపెట్టిరి. వారిచేత తమ ఆలోచనను పైకి చెప్పించిరి. తేలినది వినుటకు సులభముగా నుండును. ఆ బొమ్మలలో దాగియున్న సూత్రములు అనంతములు కావు. అయిదు రకములలో దాదాపు అన్నియు ఇమిడిపోవును. వరుసలో ఏదో యొకటి మారకుండ నుండుట మొదటిది. ఒకటి క్రమక్రమముగా పెరుగుటయో తరుగుటయో రెండవది. మొదటి రెండు బొమ్మలు కలిసి, లేదా ఒకదానినుండి మరియొకటి తీసివేయబడి, మూడవదగుట మూడవది. మూడు వస్తువులు ప్రతి వరుసలోను చోట్లు మార్చుకొని కనబడుట నాలుగవది. ఒక అంశము మూడు బొమ్మలలో రెంటియందు మాత్రమే యుండి మూడవదానియందు లేకుండుట అయిదవది. బాగుగా సాధించువారు చేయు పని యేమనగా, బొమ్మనంతటిని ఒక్కసారి మ్రింగజూడక, అంశములుగా విడదీసి, ఒక్కొక్క అంశమునకు సూత్రమును కనుగొని, కనుగొన్నదానిని మరువక రెండవదానికి పోవుట. ఓడిపోవువారికి ఎక్కువగా తప్పునది కన్ను కాదు, ఈ లెక్కను మనస్సున నిలుపుకొను ఓపిక.

ఒక ఉదాహరణము చెప్పుదును. మూడు వరుసలు, వరుసకు మూడు గళ్ళు. మొదటి వరుసలో వృత్తము, చతురస్రము, త్రిభుజము. వాని లోపల క్రమముగా ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు. రెండవ వరుసలో త్రిభుజమున ఒక గీత, వృత్తమున రెండు, చతురస్రమున మూడు. మూడవ వరుసలో చతురస్రమున ఒక గీత, త్రిభుజమున రెండు. చివరి గడి ఖాళీ. దీనిని మొత్తముగా చూచిన బిడ్డకు గీతల అడవి కనబడును. ముందు గీతలనే చూడుమన్నచో ఒకటి, రెండు, మూడని తేలును; ఖాళీ గడిలో మూడు గీతలుండవలెను. తరువాత ఆకారమునే చూడుమన్నచో, ప్రతి వరుసలోను మూడు ఆకారములును రావలెను, ఇక్కడ వృత్తము రాలేదని తేలును. జవాబు మూడు గీతలుగల వృత్తము. ఇందులో మెరుపు ఎక్కడను లేదు. రెండు చిన్న ప్రశ్నలు, రెండు చిన్న జవాబులు ఉన్నవి.

నేను పిల్లలకు నేర్పునది ఇంతే. వరుస బొమ్మ కనబడగనే అయిదు ప్రశ్నలు వేయుమందును: ఎన్ని? ఎక్కడ? ఎటు తిరిగినది? ఎంత పెద్దది? నలుపా, తెలుపా? ఒక ప్రశ్నకు జవాబు దొరకగనే క్రిందనున్న నాలుగింటిలో దానికి విరుద్ధమైనవానిని కొట్టివేయుమందును; తరచుగా మిగిలిన ప్రశ్నలతో పనియే యుండదు. అద్దపు బొమ్మకు, ఎడమ కుడియగును, కుడి ఎడమయగును, పైది పైననే యుండునని చెప్పి, రోగులను కొనిపోవు అంబులెన్సు ముందు భాగమున అక్షరములు తిరుగవేసి యేల వ్రాయుదురో అడుగుదును. ముందు పోవు బండివాడు తన అద్దములో చూచినపుడు అవి తిన్నగా కనబడుటకే అని వారే చెప్పుదురు. మడిచిన కాగితమునకు చిల్లు పొడిచిన బొమ్మకు, కడపట వేసిన మడతను ముందుగా విప్పుమందును. ఒక్కొక్క మడత విప్పినపుడెల్ల చిల్లు మడతగీతకు అవతల తన జతను పొందును. రెండు మడతలపై పొడిచిన ఒక చిల్లు విప్పినపుడు నాలుగగును. పండుగ పందిళ్ళకు రంగుకాగితములు మడిచి కత్తిరించిన పిల్లలకు ఇది క్రొత్త సంగతి కాదు. నాలుగు బొమ్మలలో భిన్నమైనదానిని ఏరవలసినచో, ప్రతిదాని చుట్టును గడియారపుముల్లు తిరుగు దిక్కుననే వ్రేలితో తిరుగుమందును. మూడింట చుక్క తరువాత గీత వచ్చి ఒకదానిలో గీత తరువాత చుక్క వచ్చినచో, ఆ ఒకటియే తిరుగబడినది.

మొదటి దినములలో ఈ అయిదు ప్రశ్నలు వేసికొనుచు ఒక బొమ్మను తేల్చుటకు పిల్లలకు అయిదారు నిమిషములు పట్టును. నేను తొందరపెట్టను. కొన్ని వారములకు ప్రశ్నలు పెదవులమీదనుండి లోపలికి పోవును; మరికొన్ని వారములకు అడిగినట్లే తెలియక జవాబు వచ్చును. చూచువారు దానిని మెరుపుబుద్ధి యందురు. అది మెరుపు కాదు. నెమ్మదిగా నడచి నడచి కాలికి అలవాటైన బాట. మగ్గముమీద అంచు పేటలను లెక్కింపకయే నేయు నేతగాని చేతివేగమును మనము పుట్టుకకు కట్టబెట్టము గదా. కంటివేగమును మాత్రమే ఏల కట్టబెట్టవలెను?

ఇక్కడ నాకు పిల్లలు నేర్పిన పాఠము ఒకటి కలదు. కూలిపని చేసికొను ఒక కుటుంబపు బాలిక నా యొద్దకు వచ్చెడిది. బొమ్మ చూపి "ఇదేమిటమ్మా?" అని యడిగినచో, "చేట మాస్టారూ" అనును, వేరొకటి చూపినచో "బండిచక్రం" అనును, ఇంకొకటి "గాలిపటం" అనును. వరుసలో తరువాత నేది వచ్చునన్నచో, చేట తరువాత ఏమి రావలెనో ఆమెకెట్లు తెలియును? ఆమె మందురాలని తలచుట చాల సులభము. కాని ఆ పిల్లయే ధనుర్మాసమున తెల్లవారకమునుపు వాకిట 15 చుక్కలు పెట్టి, అటునిటు సందుచుక్కలు 8 వరకు దింపి, చేయి యెత్తక మెలికలముగ్గు వేయగలది. నాలుగు దిక్కుల సమానత, తిరుగుడు, ప్రతిబింబము, అన్నియు ఆ వ్రేళ్ళలో నున్నవి. కాగితముమీది బొమ్మను చూచి అది తన ముగ్గుకు చుట్టమని ఆమెకు ఎవరును చెప్పలేదు, అంతియే లోపము. నేను నేలమీద చుక్కలు పెట్టి, "ఈ మెలికను పావువంతు త్రిప్పినచో ఎటు పోవును?" అని యడిగితిని. ఆమె తడుముకొనక గీసి చూపినది. పిదప కాగితముమీద చేట చేటగా గాక, పావువంతు తిరిగిన ఆకారముగా ఆమెకు కనబడజొచ్చెను.

ఇది మా యూరి వింత కాదు. సోవియట్ దేశపు మనస్తత్వవేత్త అలెగ్జాండర్ లూరియా 1931, 1932 సంవత్సరములలో ఉజ్బెకిస్తాన్ గ్రామములకు పోయి అక్కడి జనులకు ఆకారములు చూపెను. ఇల్లు వెడలని నిరక్షరాస్య స్త్రీలు వృత్తమును పళ్ళెమనిరి, జల్లెడయనిరి, చంద్రుడనిరి; చతురస్రమును అద్దమనిరి, తలుపనిరి. ఉపాధ్యాయ పాఠశాలలో చదువుకొనిన స్త్రీలు అదే ఆకారములను వృత్తము, చతురస్రము అని పిలిచిరి. జాతి ఒకటి, దేశము ఒకటి. నడుమ వచ్చినది బడి. వస్తువును వదలి ఆకారమును మాత్రమే పట్టుకొనుట పుట్టుకతో వచ్చు చూపు కాదు. అది బడి నేర్పు చూపు. దానిని నేర్వనివారికి బుద్ధి లేదనుట, వంతెన వేయక ఆవలి యొడ్డునకు రాలేదని నిందించుటయే.

బుద్ధి పుట్టుకదే యనువారికి ఇంతకంటె బలమైన సమాధానము కలదు. న్యూజిలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన జేమ్స్ ఫ్లిన్ 1987లో 14 దేశముల పరీక్షా ఫలితములను పరిశీలించి ప్రకటించెను. నెదర్లాండ్సు దేశమున సైన్యమునకు పిలువబడిన యువకులు రేవెన్ బొమ్మలలో 40 ప్రశ్నలకు జవాబులిచ్చెడివారు. 1952 మొదలు 1982 వరకు గల ముప్పది యేండ్లలో వారి సగటు, 100 నడిమి ప్రమాణముగాగల కొలతలో, సుమారు 20 పాయింట్లు పెరిగినది. ముప్పది యేండ్లలో ఒక జాతి రక్తము మారునా? తండ్రుల రక్తమే కొడుకులది. మారినవి బడులు, ఇండ్లు, పనులు, ఆలోచించు అలవాట్లు. మరియొక విశేషము గమనింపుడు. ఫ్లిన్ పేరుతో ప్రసిద్ధమైన ఈ పెరుగుదల పదముల అర్థములలోను, లెక్కలలోను స్వల్పము, బొమ్మలలో అధికము. ఏ పరీక్షను కాలదేశములకు అతీతమని, శుద్ధమైన పుట్టుబుద్ధిని తూచునని పొగడిరో, ఆ పరీక్షయే కాలముచేత అన్నిటికంటె ఎక్కువ మారినది.

మనలో ఇప్పటికిని "మావాళ్ళకు లెక్కలు రక్తములోనే యున్నవి" అని మీసము దువ్వువారు కలరు. "వారికి చదువు అబ్బదు" అని ఇతరులను తేల్చివేయువారును కలరు. పూర్వము దీనికి శాస్త్రమును సాక్ష్యము తెచ్చెడివారు. ఇప్పుడు మార్కుల జాబితాను తెచ్చుచున్నారు. సాక్షి మారెను గాని అబద్ధము మారలేదు. తరతరములుగా బడి నేర్పు చూపును తమ యింట దాచుకొనినవారి బిడ్డకును, మొదటి తరమున పలక పట్టిన బిడ్డకును ఒకే కాగితమిచ్చి ఒకే గడియారము పెట్టి, తేడా వచ్చినపుడు ఆ తేడాను రక్తమునకు కట్టుట న్యాయము కాదు.

అట్లని ఎదుటి పక్షమున నిజము లేదనను. ఒకే ఇంట పుట్టి, ఒకే బడిలో చదివి, ఒకే పాఠము విన్న యిద్దరు పిల్లలలో ఒకరు త్వరగాను ఒకరు ఆలస్యముగాను గ్రహించుట నేను ఏటేట చూచుచున్నాను. మనుష్యులలో భేదము కలదు. ఈ పరీక్షలో ముందున్నవారు చదువులలోను సగటున ముందుండుట కూడ అబద్ధము కాదు. ఇంకొకటియు ఒప్పుకొనవలెను: బొమ్మలు నేర్పినంతమాత్రమున బిడ్డకు సకలబుద్ధి పెరిగినదనుట అతిశయోక్తి. అద్దపు బొమ్మలలో ఆరితేరిన పిల్లవాడు ఉత్తరము వ్రాయుటలో వెనుకబడవచ్చును. నేర్పిన విద్య నేర్పినచోటనే ఎక్కువగా పండును. కాని ఈ రెండవ మాట నా వాదమునకే బలము. అభ్యాసముచేత పెరుగు అంకె, అభ్యాసము దొరికినవానికిని దొరకనివానికిని నడుమ న్యాయమైన తీర్పు చెప్పజాలదు.

అభ్యాసము ఎవరికి దొరకుచున్నది? పట్టణములలో ఈ పరీక్ష కొరకే కోచింగు గృహములు వెలసినవి. రుసుము కట్టగలవాడు తన బిడ్డను అక్కడ చేర్చును; నెలల తరబడి వందలకొలది బొమ్మలు చూచి ఆ బిడ్డ పరీక్షకు పోవును. కట్టలేనివాని బిడ్డ పరీక్షనాడే మొదటిసారిగా మడిచిన కాగితపు బొమ్మను చూచును. అది ఏమి యడుగుచున్నదో తెలిసికొనుటకే ఆ నిమిషమున్నర చాలదు. పల్లెపిల్లల కొరకు పెట్టిన పరీక్షలో పట్టణపు సొమ్ము ముందుపడుట ఆ పరీక్ష పెట్టినవారి ఉద్దేశము కాదు. కాని వేగమునకు వెలకట్టినచోట వేగము అమ్మకమునకు వచ్చుట వ్యాపారధర్మము.

దీని ఫలితము ఎంత దూరము పోవునో ఒక తండ్రి మాటవలన నాకు తెలిసినది. పైని చెప్పిన బాలిక పరీక్ష వ్రాసెను, ఎంపిక కాలేదు. కొన్ని దినములకు ఆమె తండ్రి నా యింటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, "ఇక మానిపించేస్తానండి మాస్టారూ. బుర్ర లేదని సర్కారే తేల్చేసింది గదండీ. వాళ్ళమ్మతో పనికి పంపితే నాలుగు రూపాయలొస్తాయి" అనెను. అతడు దుర్మార్గుడు కాడు. బిడ్డమీద ప్రేమ లేనివాడు కాడు. చదువుకొనినవారు చేసిన కొలతను చదువులేనివాడు గౌరవించినాడు, అంతియే.

నేనతనికి ఇట్లు చెప్పితిని: "చూడు నాయనా, పడవలో ఎనభైమందికే చోటుంది. ఒడ్డున వేలమంది నిలబడ్డారు. పడవ వెళ్ళిపోయింది. ఒడ్డున మిగిలినవాళ్ళకు కాళ్ళు లేవని ఎవరన్నారు? ఎనభైమందిని ఏరుకోవడమే ఆ పరీక్ష పని. మిగతావాళ్ళు మొద్దులని తీర్పు చెప్పడం దాని పని కాదు. అది ఆ మాట అననూ లేదు, మనమే అంటున్నాం." అతడు చాలసేపు మాటాడలేదు. పిదప, "అయితే పెద్దబడిలో వేయమంటారా?" అని యడిగెను. వేయుమంటిని. ఆ పిల్ల జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలలో చేరినది, చదువుకొనుచున్నది. ఆమె గొప్ప ఉద్యోగిని కావచ్చును, కాకపోవచ్చును. పదేండ్ల వయసున రెండు గంటల కాగితముచేత ఆమె పలక చేజారకుండుటయే నాకు కావలసినది. కాని ఆ తండ్రి నా అరుగుమీదికి రాకపోయినచో ఏమగునో తలచుకొనినపుడెల్ల నాకు దిగులు కలుగును. అట్లు రాని తండ్రులు ఎందరో.

కావున పాఠకమహాశయులకు మూడు మనవులు చేయుచున్నాను.

మొదటిది. బొమ్మల పాఠమును కోచింగు గృహములనుండి ప్రాథమిక పాఠశాలకు తేవలెను. దీనికి ధనముతో పనిలేదు. సుద్దముక్క, నల్లబల్ల, మడుచుటకు పాత కాగితములు చాలును. నాలుగవ తరగతినుండి వారమునకు ఒక గంట చొప్పున ప్రతి బిడ్డకును, పరీక్ష వ్రాయువారికిని వ్రాయనివారికిని, దీనిని నేర్పవచ్చును. పదిరకముల బొమ్మలలో ప్రతి యొక్కదానిని పరీక్షకు ముందుగా కొన్నిసారులైన చూడని బిడ్డ ఏ యూరను ఉండరాదు. అందరికిని బాట తెలిసిన పిదప పరుగు పెట్టినచో, ఎవరు ముందు వచ్చిరో చెప్పుటలో అర్థముండును. ఇది బినే కోరిన మానసిక వ్యాయామమే గాని క్రొత్తది కాదు.

రెండవది. నేర్పునపుడు బిడ్డ ఎరిగినదానినుండి ఆరంభింపవలెను. ముగ్గు, పులిమేక ఆటగీతలు, చీర అంచు, పోచంపల్లి బట్టలోని చదరములు, మడిచి కత్తిరించిన రంగుకాగితము, ఇవన్నియు మన పిల్లల కంటికి పరిచితములైన వరుసలు. ముఖ్యముగా ఆడపిల్లలు వాకిట నేర్చిన గణితమును మనము గణితమని ఎన్నడును గౌరవింపలేదు. అది పేడనీళ్ళతో తెల్లవారి చెరిగిపోవు పనిగా నెంచితిమి. దానిని పేరుపెట్టి పిలిచి, దీనినే సమరూపత యందురని, దీనినే భ్రమణమందురని చెప్పినచో, ఆ పిల్లకు బొమ్మ సాధించు ఉపాయము మాత్రమే గాక తన తల్లి చేతిపనిలో బుద్ధి యున్నదను గౌరవమును కలుగును.

మూడవది. పరీక్షాఫలితము వచ్చినపుడు ఎంపికైన బిడ్డకు పూలదండ వేయుట మంచిదే. కాని ఆ దినముననే ఉపాధ్యాయుడు ఎంపికగాని బిడ్డల ఇండ్లకు పోవలెను. పోయి తల్లిదండ్రులతో, ఈ పరీక్ష మీ బిడ్డ నేటి వేగమును ఒక రకము బొమ్మలలో చూచినదే గాని, బ్రతుకంతటికి సరిపడు బుద్ధిని తూచలేదని వివరింపవలెను. ఇది ఉద్యోగధర్మములలో వ్రాయబడియుండదు. ఉపాధ్యాయధర్మమున మాత్రము ఉన్నది.

త్వరగా చూచుట మంచి గుణమే. నేను దానిని తక్కువచేయను. ప్రతి సాయంకాలము దానినే నేర్పుచున్నాను. కాని త్వరగా చూచుటకు ముందు నిదానముగా చూచుట నేర్పినవారు ఎవరో యొకరు ఉండవలెను. కొందరు పిల్లలకు ఆ ఒకరు ఇంటిలోనే యుందురు; కొందరికి డబ్బుచేత దొరకుదురు; చాలమందికి బడిలో తప్ప మరెక్కడను దొరకరు. ఆ బడిలోను దొరకనిచో, ఆ పిల్లల ముందు బొమ్మలు పెట్టి గడియారము చూచుటకు మనకు అధికారము లేదు.